రాతి పనిముట్టు కంటే రాలిన పెచ్చులే ఎక్కువ చెబుతాయి

రాతియుగం పనిముట్ల గురించి ఏమైనా అడగండని పోయిన సంచికలో రాశాం. ఉత్తరాల కంటే వాట్సాప్‌లో ఫోటోలే ఎక్కువ వచ్చాయి. చాలామంది రాయిని శుభ్రంగా కడిగి, టవల్ మీద పెట్టి ఫోటో తీశారు. దయచేసి ఇకమీదట కడగొద్దు. ఎందుకన్నది కింద జవాబుల్లో ఉంది. కాలేజీలో పురావస్తు శాస్త్రం పాఠం చెబుతూ, సెలవుల్లో రాయలసీమ వాగులు, గుట్టల వెంట తిరుగుతూ నేర్చుకున్నదే ఇక్కడ చెబుతున్నాను.

*సార్, మా ఎనిమిదో తరగతి పిల్లవాడు వాగులోంచి ఆకు ఆకారంలో ఉన్న ఎర్రటి రాయి తెచ్చాడు. ఇది మనిషి చెక్కిందా, వాగులో దొర్లి అలా అయిందా? ఎలా తెలుసుకోవాలి?*
– ఒక సైన్స్ టీచర్, బేతంచెర్ల

మాస్టారూ, మీరు ఒక వైపు ఫోటో మాత్రమే పంపారు కాబట్టి ఆ రాయి సంగతి నేను తేల్చి చెప్పను. మీరే తేల్చుకునే దారి చెబుతాను.

ముందు ఆకారాన్ని పక్కన పెట్టండి. ఆకులా, చేపలా ఉండే రాళ్ళు వాగుల్లో బోలెడు దొరుకుతాయి. చూడాల్సింది దెబ్బల్ని. క్వార్ట్‌జైట్, చెకుముకి లాంటి గట్టి రాయిని ఇంకో రాయితో అంచు మీద కొడితే పెచ్చు ఊడుతుంది. ఆ పెచ్చు లోపలి వైపు, దెబ్బ తగిలిన చోటుకి సరిగ్గా కింద చిన్న ఉబ్బు ఉంటుంది. అక్కణ్ణించి సన్నటి వంపు గీతలు ఒకదాని తర్వాత ఒకటి కిందికి సాగుతాయి. అసలు రాయి మీద ఆ ఉబ్బుకు సరిపోయే గుంట మిగులుతుంది. చీకటి గదిలో టార్చి లైటును పక్కనుంచి ఏటవాలుగా వేసి చూడండి, ఈ గుంటలు స్పష్టంగా కనబడతాయి.

వాగులో దొర్లే రాయికీ దెబ్బలు తగులుతాయి. కానీ అవి పొడుచుకొచ్చిన మూలల దగ్గర, ఎటు పడితే అటు ఉంటాయి. కొన్ని పాతవి, కొన్ని నిన్నటివి. మనిషి కొట్టిన దెబ్బలు అంచు వెంట వరసగా వస్తాయి. ఒక ముఖం మీద కొట్టి, రాయి తిప్పి, రెండో ముఖం మీద కొడతాడు. ఒక గుంట పక్క గుంటను కోసుకుంటూ పోతుంది. ఏది ముందు, ఏది తర్వాత అన్నది కూడా చెప్పొచ్చు.

ఒక జాగ్రత్త. కంకర క్రషర్‌లో నలిగిన రాయికీ ఉబ్బు, వంపు గీతలు వస్తాయి. రోడ్డు పక్కన దొరికిన తాజా పెచ్చును చూసి తొందరపడకండి. పాత దెబ్బల మీద మిగతా రాయికి ఉన్నట్టే కాలం గడిచి పట్టిన పొర ఉండాలి.

అన్నిటికంటే ముఖ్యమైన పని ఇంకోటుంది. ఆ పిల్లవాడితో కలిసి రాయి దొరికిన చోటుకి వెళ్ళండి. చుట్టూ అదే రకం రాయి పెచ్చులు ఉన్నాయా చూడండి. వాగు గులకరాళ్ళ మధ్య ఒంటరిగా దొరికితే అది ఎక్కణ్ణించో కొట్టుకొచ్చింది. గుట్ట కింద పెచ్చుల మధ్య దొరికితే, ఎవరో అక్కడే కూర్చుని పని చేశారన్నమాట. రెండోది జరిగితే ఇంకేమీ ముట్టుకోకుండా నాకు గానీ, రాష్ట్ర పురావస్తు శాఖకు గానీ ఫోన్ చేయండి. మీ ఊరి పక్కనే బిళ్ళసర్గం గుహలున్నాయి. మన దేశంలో రాతియుగం పరిశోధనకు ఆద్యుడైన రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు 1884-85లో అక్కడ తవ్వించి జంతువుల ఎముకలు, ఎముక పనిముట్లు తీశారు. 1863 మే 30న మద్రాసు దగ్గర పల్లవరంలో కంకర గుంటలోంచి రాతి గొడ్డలి ఏరింది కూడా బ్రూస్ ఫుటే. ఆయన ఉద్యోగం భూగర్భ సర్వే. దెబ్బల వరసను చదవగలిగాడు కాబట్టే ఆ కంకరలో ఆ ఒక్క రాయి ఆయన కంట్లో పడింది.

*రాతి పనిముట్లు ఎలా చేశారో ఇప్పుడెలా తెలుస్తుంది సార్? చూసినవాళ్ళెవరూ లేరు కదా. ఇదంతా ఊహేనా?*
– డిగ్రీ విద్యార్థి, తిరుపతి

మంచి ప్రశ్న బాబూ. ఊహ అయితే నేను ఇన్నేళ్ళు దీని వెంట పడేవాణ్ణి కాదు.

రాయి విరిగే తీరు లక్షల ఏళ్ళ కిందట ఎలా ఉందో ఇవాళా అలాగే ఉంది. అందుకే మనమే చేసి చూడొచ్చు. ఫ్రాన్సులో ఫ్రాన్స్వా బోర్డ్, అమెరికాలో డాన్ క్రాబ్‌ట్రీ అనే ఇద్దరు ఏళ్ళ తరబడి తమ చేతులతో రాళ్ళు చెక్కి ఈ పద్ధతికి ఒక దారి వేశారు. ఇప్పుడు రాతి పనిముట్ల మీద పరిశోధన చేసే ఏ విద్యార్థి అయినా కొంతకాలం వేళ్ళు కోసుకోవాల్సిందే.

మీ ఊరికి దగ్గరే రేణిగుంట, రాళ్ళకాలువ. ఎం.ఎల్.కె. మూర్తి గారు పొడుగాటి సన్న పెచ్చులతో చేసిన పాత రాతియుగం చివరి కాలపు పనిముట్లను వెలుగులోకి తెచ్చిన ప్రాంతం అది. ఆ చుట్టుపక్కల క్వార్ట్‌జైట్ గుండ్లకు కొదవ లేదు. ఒక గుండు తీసుకుని ఇంకో రాయితో మెల్లగా తట్టండి. ఖంగుమంటే లోపల పగులు లేదు. మొద్దుగా మోగితే పారేయండి. ఎడమ తొడ మీద మందపాటి తోలు వేసుకుని, గుండును దాని మీద ఆనించి పట్టుకోవాలి. కుడిచేతిలో గుప్పిట్లో పట్టే గుండ్రాయి. కొట్టాల్సింది నడిమధ్యన కాదు, అంచుకి కొంచెం లోపల. అంచు దగ్గర పై ముఖానికీ పక్క ముఖానికీ మధ్య కోణం లంబకోణం కంటే తక్కువ ఉండాలి. ఇది కుదిరితే పెద్ద బలం అక్కర్లేదు. 'టక్'మని పెచ్చు అడుగు వైపు నుంచి ఊడి అరచేతిలో పడుతుంది, పైన మీకు ఏమీ కనబడదు. కోణం కుదరకపోతే ఎంత బలంగా కొట్టినా అంచు పిండి అయిపోతుంది, సుత్తిరాయి ఎగిరిపడుతుంది, మోచేతి దాకా జిల్లుమంటుంది. కొత్తగా వచ్చిన విద్యార్థులందరూ ఇక్కడే ఇంకా గట్టిగా కొడతారు. అప్పుడు రాయిని తిప్పి, వేరే అంచు వెతుక్కోమని చెబుతాను.

ఒక పెచ్చు ఊడిన గుంటే రెండో దెబ్బకు ఆధారం. అలా ఇటు ఒకటి, అటు ఒకటి తీస్తూ పోతే వంకర వంకరగా పదునైన అంచు వస్తుంది. గొడ్డలిని పలచన చేయాలంటే రాతి సుత్తి వదిలి దుప్పి కొమ్ముతోనో, గట్టి కర్రతోనో కొట్టాలి. అప్పుడు పెచ్చులు వెడల్పుగా, పలచగా, కాస్త వంగి వస్తాయి. ఇది మీ చేతులకు ఒకసారి తెలిస్తే, తవ్వకంలో దొరికిన పెచ్చును చూడగానే అది పనిలో ఏ దశదో చెప్పగలరు. వీపు మీద గుండు పైతొక్క నిండుగా ఉంటే మొదటి దెబ్బలవి. తొక్క అసలు లేకుండా పలచగా ఉంటే ముగింపు దశవి. ఒక చోట ముగింపు దశ పెచ్చులే దొరికాయంటే, సగం చెక్కిన రాయిని వేరే చోటి నుంచి తెచ్చుకుని ఇక్కడ పూర్తి చేశారని అర్థం. ఒక మనిషి నడక ఆ పెచ్చుల్లో దొరికింది. నున్నటి గొడ్డలి ఒక్కటే అద్దాల బీరువాలో పెట్టుకుంటే ఇది దొరకదు.

కర్ణాటకలోని హుణసగి లోయలో ఇసంపూర్ అనే చోట కత్రగడ్డ పద్దయ్య గారు చేసిన తవ్వకం దీనికి గొప్ప ఉదాహరణ. సున్నపురాయి పలకలు సహజంగా బయటపడి ఉన్న చోటునే ఆదిమానవులు ఎంచుకున్నారు. పలకలు, వాటినుంచి తీసిన పెద్ద పెచ్చులు, సగంలో వదిలేసిన గొడ్డళ్ళు, సుత్తిరాళ్ళు, చిల్లర పెచ్చులు, అన్నీ ఒకేచోట. రాయి ఎంచుకోవడం దగ్గర్నుంచి చివరి దెబ్బ దాకా మొత్తం పని అక్కడ చదువుకోవచ్చు. అక్కడి జంతు దంతాల మీద చేసిన పరీక్షలు ఆ చోటు వయసు సుమారు 12 లక్షల ఏళ్ళని చెప్పాయి.

పెచ్చుల్ని మళ్ళీ అతికించడం ఇంకో పద్ధతి. ఇంగ్లండ్‌లో బాక్స్‌గ్రోవ్ అనే చోట సుమారు 5 లక్షల ఏళ్ళ కిందట ఒక గుర్రాన్ని కోశారు. కోయడానికి అక్కడికక్కడే గొడ్డళ్ళు చెక్కుకున్నారు. పరిశోధకులు ఏళ్ళ తరబడి కూర్చుని రాలిన పెచ్చుల్ని ఒకదానికొకటి అతికించారు. ఒక రాయి దాదాపు మళ్ళీ గుండుగా తయారైంది, మధ్యలో మాత్రం ఖాళీ. ఆ ఖాళీ గొడ్డలి ఆకారంలో ఉంది! చెక్కిన గొడ్డలిని పని అయ్యాక వాళ్ళు వెంట తీసుకెళ్ళారు. దొరకని వస్తువు ఆకారం పెచ్చుల వల్ల దొరికింది. నా విద్యార్థులకు ఈ సంగతి చెప్పిన ప్రతిసారీ నాకు ఒళ్ళు గగుర్పొడుస్తుంది.

ఇప్పటికీ రాయి చెక్కేవాళ్ళను చూసి నేర్చుకోవడమూ ఉంది. గుజరాత్‌లోని ఖంభాత్‌లో అకీకు రాళ్ళతో పూసలు చేస్తారు. నేలలో పాతిన ఇనప మొనకు రాయిని ఆనించి, సన్నటి పిడికి గేదె కొమ్ము తొడిగిన తేలికపాటి సుత్తితో తడతారు. ఇనప మొన వైపు నుంచి పెచ్చు ఊడుతుంది. వాలెంటీన్ రూ, బ్లాండిన్ బ్రిల్ అనే ఫ్రెంచ్ పరిశోధకులు ఆ పనివాళ్ళ చేతుల కదలికల్ని కొలిచారు. పెద్ద పూసలు చేయగల పనివాడు తయారవ్వడానికి ఏళ్ళు పడుతుందని తేలింది. సింధు నాగరికతలోని పొడుగాటి పూసల వెనక ఎంత శిక్షణ ఉందో దాన్ని బట్టి అంచనా వేయగలిగారు. బాబూ, రైలెక్కి ఒకసారి ఖంభాత్ వెళ్ళి రా. ఏ పుస్తకమూ అంత నేర్పదు.

*ఒక రాతి పనిముట్టుతో మాంసం కోశారో, కర్ర చెక్కారో ఎలా చెప్పగలరు?*
– ఒక పాఠకుడు, మార్కాపురం

వాడిన అంచు మీద గుర్తులుంటాయి. సోవియట్ పరిశోధకుడు సెర్గేయ్ సెమ్యోనోవ్ మైక్రోస్కోపు కింద ఈ గుర్తుల్ని చదివే పద్ధతిని 1957లో పుస్తకంగా వేశాడు. 1970ల్లో లారెన్స్ కీలీ అనే అమెరికన్ ఇంకా పెద్ద లెన్సులతో చూడటం మొదలెట్టాడు. ఎముక, కర్ర, తోలు, గడ్డి, ఒక్కోటి రాతి అంచు మీద ఒక్కో రకం మెరుపు వదులుతుందని చూపించాడు. మార్క్ న్యూకమర్ అనే ఇంకో పరిశోధకుడు ఆయనకు పరీక్ష పెట్టాడు. తాను కొత్తగా చెకుముకి పనిముట్లు చేసి, రకరకాల పనులకు వాడి, ఏం చేశాడో చెప్పకుండా ఇచ్చాడు. ఏ అంచు వాడారన్నది కీలీ దాదాపు అన్నిటికీ సరిగ్గా చెప్పాడు. ఎలా కదిపారన్నది కాస్త తక్కువగా, ఏ పదార్థం మీద వాడారన్నది ఇంకాస్త తక్కువగా చెప్పగలిగాడు. నాకు ఆ పరీక్ష మీద గౌరవం అందుకే. పద్ధతి ఎంతవరకు నమ్మాలో అందరి ముందూ పెట్టింది.

కోసేటప్పుడు పనిముట్టు అంచు దిశలోనే కదులుతుంది కాబట్టి గీతలు అంచుకు సమాంతరంగా పడతాయి. గీకేటప్పుడు అంచుకు అడ్డంగా పడతాయి. ఎండిన తోలు గీకితే అంచు గుండ్రంగా అరిగిపోతుంది. గడ్డి, పంట కాండాలు కోస్తే వాటిలోని సిలికా వల్ల అంచు మీద నిగనిగలాడే మెరుపు వస్తుంది, అది కంటికే తెలుస్తుంది.

నేను ఒకసారి మా ఊళ్ళో మేకలు కోసే ఆయనకు అప్పుడే తీసిన క్వార్ట్‌జైట్ పెచ్చు ఇచ్చి చూశాను. ఆయన వేలితో అంచు చూసి, "ఇది తెగుతుందా అయ్యా" అన్నాడు. పొట్ట దగ్గర తోలు కింద పెట్టి లాగాడు. జిప్ తీసినట్టు తెగింది. తర్వాత ఆయన మాట్లాడలేదు, పనిలో పడ్డాడు. కాసేపటికి కొవ్వు అంటుకుని పెచ్చు జారడం మొదలైంది. ఆయన దాన్ని పక్కన పెట్టి చెయ్యి చాపాడు. ఇంకోటిచ్చాను. రెండోదాన్ని తనంతట తానే తిప్పి, మందంగా ఉన్న వైపు చూపుడువేలు ఆనించి పట్టుకున్నాడు. కీళ్ళ దగ్గరికి వచ్చేసరికి సన్న పెచ్చు పనికిరాలేదు, బరువైన గొడ్డలి కావాల్సొచ్చింది. పనివాడి చేతికి ఇస్తేనే ఇవన్నీ బయటికొస్తాయి. ఆ పెచ్చుల్ని దాచి, మైక్రోస్కోపు కింద పెట్టి, ఆ గుర్తుల్ని పాతవాటితో పోల్చుకోవడానికి వాడతాం.

మన ప్రాంతంలో చిక్కేమిటంటే పాత గొడ్డళ్ళు ఎక్కువ క్వార్ట్‌జైట్‌వి. దాని రేణువులు లెన్సు కింద తళుక్కుమంటూ వాడకం మెరుపును కప్పేస్తాయి. నీళ్ళలో దొర్లిన రాయి అయితే గుర్తులే చెరిగిపోతాయి. ఇక మనం దొరికినదాన్ని సబీనా పొడి వేసి పీచుతో రుద్దితే మిగిలిన కొంచెం కూడా పోతుంది. పిండి రేణువులు, రక్తం మరకలు, జిగురు లాంటివి అంచు పగుళ్ళలో దాక్కుని ఉండే అవకాశం ఉంది. కడగొద్దన్నది అందుకే.

*పుస్తకాల్లో బొమ్మలన్నిటిలో మగవాళ్ళే రాళ్ళు చెక్కుతుంటారు. ఆడవాళ్ళు చేసేవాళ్ళు కాదా?*
– ఒక గృహిణి, ప్రొద్దుటూరు

చేసేవాళ్ళు కాదనడానికి ఏ ఆధారమూ లేదమ్మా. ఆ బొమ్మలు గీసినవాళ్ళ అలవాటు అది. ఇథియోపియాలో కొన్సో అనే జాతిలో రాతి పనిముట్లతో తోలు గీకే పని ఆడవాళ్ళది. రాయి తెచ్చుకోవడం, చెక్కడం, కర్ర పిడికి బిగించడం, మొద్దుబారితే మళ్ళీ పదును పెట్టడం, అన్నీ వాళ్ళే చేస్తారు. క్యాథ్రిన్ ఆర్థర్ అనే పరిశోధకురాలు వాళ్ళ దగ్గర ఉండి ఈ పనిని వివరంగా రాశారు. ఏళ్ళ తరబడి పెద్దవాళ్ళ దగ్గర నేర్చుకుంటేనే పనితనం వస్తుందని కూడా చెప్పారు. అదే దేశంలో ఇంకో జాతి, గామోలో, ఈ పని మగవాళ్ళది. రాయి మీద దెబ్బ చూసి చెయ్యి ఆడమనిషిదో మగమనిషిదో ఎవరూ చెప్పలేరు. పాఠ్యపుస్తకాలకు బొమ్మలు వేసేవాళ్ళు ఇది తెలుసుకుని, మీ అమ్మాయి చూసే బొమ్మలో ఒక ఆడమనిషి చేతికి సుత్తిరాయి ఇవ్వాలని నేను నిజంగా కోరుకుంటున్నాను.

*మా ఊళ్ళో వేపచెట్టు కింద అమ్మవారి దగ్గర నున్నటి నల్ల రాళ్ళున్నాయి. పిడుగు పడినప్పుడు ఆకాశం నుంచి వచ్చాయని పెద్దవాళ్ళంటారు. నిజమేంటి?*
– ఒక పాఠకుడు, ఉరవకొండ

ఫోటో చూశాను. అవి కొత్త రాతియుగం నాటి గొడ్డళ్ళు, నాలుగైదు వేల ఏళ్ళ నుంచి మూడు వేల ఏళ్ళ మధ్యవి అయ్యుంటాయి. పిడుగుతో పడ్డాయనే నమ్మకం మన దగ్గరే కాదు, యూరప్ పల్లెల్లోనూ ఉండేది. వానకు మట్టి కొట్టుకుపోయి చేలో నున్నటి రాయి బయటపడితే, నిన్నటి పిడుగే తెచ్చిందనుకోవడం సహజం.

మీకు దగ్గర్లోనే, బళ్ళారి పక్కన సంగనకల్లు, కుప్పగల్లు గుట్టల్లో ఈ గొడ్డళ్ళ తయారీ పెద్ద ఎత్తున జరిగింది. బ్రూస్ ఫుట్ కాలం నుంచీ ఈ చోటు తెలుసు, ఈ మధ్య కాలంలో రవి కోరిశెట్టర్, నికోల్ బోవిన్ బృందం మళ్ళీ వివరంగా చదివింది. గుట్టలో నల్లటి డోలరైట్ రాతి చార ఉంది. అందులోంచి దిమ్మలు తీసి, ముందు పెచ్చులు కొట్టి గొడ్డలి రూపు తెచ్చేవారు. తర్వాత రాతి గుండుతో ఒళ్ళంతా చిన్నచిన్నగా పొడుస్తూ ఎత్తుపల్లాలు తీసేసేవారు. మన ఇళ్ళకు వచ్చి రోలుకు, తిరగలికి గాట్లు పెట్టేవాళ్ళు ఉలితో చేసే పని ఎలాంటిదో, అది అలాంటిదే. ఆఖరున నీళ్ళు పోస్తూ బండ మీద అరగదీయడం. అలా అరగదీసిన గాడులు ఆ గుట్టల బండల మీద ఇప్పటికీ ఉన్నాయి. ఒక్క గొడ్డలి అరగదీయడానికి చాలా గంటలు పడుతుంది. మరి అంత కష్టం ఎందుకంటే, నున్నటి అంచు చెట్టు నరికేటప్పుడు తొందరగా పెచ్చులూడదు. మొద్దుబారితే మళ్ళీ కాస్త అరగదీస్తే చాలు.

రాళ్ళను అమ్మవారి దగ్గరే ఉంచండి. పసుపు కుంకుమ పెట్టే చేతులు ఇన్ని తరాలుగా వాటిని కాపాడాయి. పక్కన స్కేలు పెట్టి ఫోటోలు తీసి, ఏ చేలో దొరికాయో పెద్దవాళ్ళకు గుర్తుంటే రాసి పెట్టండి. చేలో డోలరైట్ పెచ్చులు కనబడితే ఇంకా విలువైన సంగతి. గొడ్డళ్ళు బయటి నుంచి తెచ్చుకున్నారా, మీ ఊళ్ళోనే చేసుకున్నారా అన్నది వాటితో తేలుతుంది.

*జ్వాలాపురం దగ్గర తవ్వితే తెల్లటి బూడిద వస్తుంది. దాని కింద రాతి పనిముట్లున్నాయని, 74 వేల ఏళ్ళ నాటివని పేపర్లో వచ్చింది. రాయికి వయసు ఎలా కడతారు?*
– ఒక రైతు, బనగానపల్లె దగ్గర

అయ్యా, రాయికి వయసు కట్టి లాభం లేదు. రాయి పుట్టి కోట్ల ఏళ్ళయింది, మనకు కావాల్సింది అది చెక్కిన కాలం. అందుకని రాయి ఏ మట్టిలో కూరుకుపోయిందో ఆ మట్టికి వయసు కడతాం. ఇసుక రేణువుకు చివరిసారి ఎండ తగిలింది ఎప్పుడో ల్యాబ్‌లో కొలిచే పద్ధతి ఉంది. చెన్నై దగ్గర అత్తిరంపాక్కంలో శాంతి పప్పు, కుమార్ అఖిలేష్ బృందం వేరే పద్ధతులతో అక్కడి పాత గొడ్డళ్ళు సుమారు 15 లక్షల ఏళ్ళవని 2011లో, ఈ ఎండ పద్ధతితో ఆ తర్వాతి మధ్య పాత రాతియుగం అక్కడ 3,85,000 ఏళ్ళ కిందటే మొదలైందని 2018లో ప్రకటించింది.

మీ జుర్రేరు లోయకు ఇంకా మంచి అదృష్టం పట్టింది. ఆ బూడిద ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో తోబా అగ్నిపర్వతం పేలినప్పుడు గాలిలో వచ్చి పడింది. ఆ పేలుడు సుమారు 74 వేల ఏళ్ళ కిందటిది. కాబట్టి బూడిద కింద ఉన్నది అంతకంటే పాతది, పైన ఉన్నది కొత్తది. మైకేల్ పెట్రాగ్లియా, రవి కోరిశెట్టర్ బృందం బూడిదకు కిందా పైనా దొరికిన పనిముట్లను పోల్చి, పని తీరు పెద్దగా మారలేదని 2007లో రాసింది. అంత పెద్ద విపత్తును ఇక్కడి మనుషులు తట్టుకున్నారని వాళ్ళ వాదన. ఆ మనుషులు మనలాంటి ఆధునిక మానవులే అని కూడా అన్నారు. ఈ రెండో మాటను పాల్ మెల్లర్స్ లాంటివాళ్ళు ఒప్పుకోలేదు. నా మటుకు నేను, మనిషి ఎముక దొరికేదాకా రాళ్ళను బట్టి ఆ మాట చెప్పను. ఒకే రకం పెచ్చును వేరువేరు జాతుల మనుషులు తీయగలరు. అదే ఊళ్ళో ఒక రాతి చరియ కింద 35 వేల ఏళ్ళ కిందటి నుంచి సూక్ష్మ రాతి పనిముట్లు వరసగా దొరికాయి, దాని మీద మాత్రం పెద్ద తగాదా లేదు.

ఆ బూడిదను గిన్నెలు తోమే పొడి కోసం తవ్వి లారీల్లో ఎత్తారని మీకు నాకంటే బాగా తెలుసు. మీ పొలంలో పొర మిగిలి ఉంటే, జేసీబీ పెట్టేముందు ఒక్క మాట పురావస్తు శాఖకు చెప్పండి అయ్యా. ఒకసారి మట్టి కలగాపులగం అయితే ఆ రాళ్ళకు ఇక వయసు లేదు.

*మా అబ్బాయి యూట్యూబ్ చూసి ఇంట్లో రాళ్ళు చెక్కుతానంటున్నాడు. నాకు టెన్షన్‌గా ఉంది. చేయనివ్వొచ్చా?*
– ఒక తల్లి, హైదరాబాద్

అబ్బాయి వయసు రాయలేదు మీరు. హైస్కూలు లోపు పిల్లలైతే వద్దమ్మా. పెద్దవాడైతే పక్కన ఒక పెద్ద మనిషి ఉండగా చేయనివ్వండి. కళ్ళద్దాలు తప్పనిసరి, పెచ్చులు కంటి వైపే ఎగురుతాయి. చేతికి తోలు గ్లౌజు, తొడ మీద మందపాటి తోలు, కాళ్ళకు బూట్లు. గదిలో ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు, ఆరుబయట గాలి వాటం చూసుకుని కూర్చోవాలి, మాస్కు పెట్టుకోవాలి. రాతి దుమ్ములోని సిలికా ఊపిరితిత్తుల్లో పేరుకుంటే పోదు. పైన చెప్పిన ఖంభాత్‌లో అకీకు పనివాళ్ళను సిలికోసిస్ ఎంతగా పీడిస్తోందో తెలిసినవాణ్ణి, అందుకే ఇంతగా చెబుతున్నాను.

ఇంకో రెండు నియమాలు. పాత పనిముట్లు దొరికే చోటి నుంచి రాయి తేకూడదు, అక్కడ కూర్చుని చెక్కకూడదు. చెక్కిన పెచ్చులన్నీ ఒక గోతిలో పూడ్చి, వాటితో పాటు ఈ ఏడాది ముద్ర ఉన్న రూపాయి నాణెం వేయాలి. రేపెప్పుడో తవ్వేవాళ్ళు మోసపోకుండా ప్రపంచమంతటా రాళ్ళు చెక్కేవాళ్ళు పాటించే మర్యాద అది.

*మా దగ్గర రాతి గొడ్డళ్ళున్నాయి. అమ్మితే ఎంత వస్తుంది?*
– పేరు రాయలేదు

అమ్మకండి. 1972 నాటి పురావస్తువుల చట్టం కింద లైసెన్సు లేకుండా ఇలాంటివి అమ్మే వ్యాపారం చేయడం నేరం, దేశం దాటించడం ఇంకా పెద్ద నేరం. మ్యూజియానికి ఇచ్చేయండి, ఎక్కడ దొరికాయో కూడా రాసివ్వండి.

*దసరా సెలవుల్లో పిల్లలకు ఇవన్నీ చూపించాలంటే ఎక్కడికి వెళ్ళాలి?*
– ఒక పాఠకురాలు, నల్లగొండ

మీకు దగ్గర నాగార్జునకొండ. బౌద్ధ శిల్పాలకు పేరు పడింది కాబట్టి అందరూ వాటి దగ్గరే ఆగిపోతారు. కానీ సాగర్ నీళ్ళు ముంచెత్తకముందు ఆ లోయలో జరిపిన తవ్వకాల్లో పాత రాతియుగం నుంచి కొత్త రాతియుగం దాకా పనిముట్లు దొరికాయి. ద్వీపం మీది మ్యూజియంలో అవి ఉన్నాయి. పిల్లల్ని ముందు ఆ బీరువాల దగ్గరికి తీసుకెళ్ళండి. ప్రతి రాయి మీద ఎన్ని దెబ్బల గుంటలు కనబడుతున్నాయో లెక్కపెట్టమనండి, ఏ గుంట ఏ గుంటను కోసిందో వేలితో అద్దం మీద చూపించమనండి. నేను తీసుకెళ్ళిన పిల్లలు ఈ ఆటలో గంటసేపు కదల్లేదు.

చెన్నై వెళ్ళే పని ఉంటే ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియం చూడండి. బ్రూస్ ఫుట్ తన జీవితమంతా ఏరిన రాళ్ళు అక్కడికే చేరాయి. ఒక్కో రాయి ఏ ఊళ్ళో, ఏ వాగు దగ్గర దొరికిందో ఆయన రాసిపెట్టిన జాబితా వేరే అచ్చయింది. మన కర్నూలు, కడప, అనంతపురం జిల్లాల ఊళ్ళ పేర్లు అందులో ఎన్నో ఉన్నాయి. నాగార్జునకొండకు మాత్రం శుక్రవారం వెళ్ళకండి, మ్యూజియానికి సెలవు. మిగతా రోజుల్లో కూడా లాంచీ నడుస్తోందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కుని బయల్దేరండి.